సిస్టమ్స్ అబ్బాయి బల్ల మీద రెండు స్విచ్‌లు

నెల్లూరులో ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా, ఒంగోలులో ఏ కాలేజీ ఆఫీసు మెట్లెక్కినా ‘సిస్టమ్స్ అబ్బాయి’ ఒకడుంటాడు. (అమ్మాయిలూ ఈ పని చేస్తున్నారు, పిలుపే మారలేదు.) ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, అకౌంటెంట్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, సీసీ కెమెరా ఆగినా అతనికే ఫోన్. నాలుగైదేళ్లు ఇలా గడిచాక టెన్షన్ మొదలవుతుంది: ఇక ఇంతేనా? నెట్‌వర్కింగ్‌లోకి వెళ్లాలనుంది, దారేది?

దారి అతను రోజూ తొక్కేదేనని మా అభిప్రాయం. ఒక ఉదయం బిల్లింగ్ కౌంటర్లో నెట్ రాదు. ఆ కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) చూస్తే 169.254తో మొదలవుతోంది. అంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక నంబరు పెట్టుకుందన్నమాట. రీస్టార్ట్ చేసి, అదృష్టం బాగుండి పనిచేస్తే టీకి వెళ్లిపోయేవాడు డెస్క్‌టాప్ సపోర్ట్‌లోనే ఉంటాడు. జవాబు ఎందుకు రాలేదు, కేబులా, కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టెలో పోర్టా, సర్వరా, పంచడానికి అడ్రస్‌లే అయిపోయాయా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లేవాడు ఆ పూటే నెట్‌వర్క్ పనిలోకి దిగినట్టు.

గది ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో సాయం చేస్తున్నామనుకుని అదే స్విచ్‌లో గుచ్చుతారు. రెండు కొసలూ ఒకేచోట, డేటా అక్కడక్కడే చుట్టూ తిరుగుతుంది. క్షణాల్లో ఆఫీసంతా ఆగిపోతుంది. ఇలాంటి చుట్టును పసిగట్టే స్పానింగ్ ట్రీ నడిచే స్విచ్ అయితే ఆ పోర్టును తనే మూసేస్తుంది. బల్లల కింద పడేసే చవక స్విచ్‌లలో చాలావాటికి ఆ తెలివి లేదు. చీమకుర్తి క్వారీలో ఆఫీసు నుంచి కాటా దాకా రాగి కేబుల్ లాగితే 100 మీటర్లు దాటాక భరోసా లేదు, ఫైబర్ వేయాల్సిందే. రొయ్యల ప్లాంటులో రేకు గోడల కోల్డ్ రూమ్‌లోకి వెళ్లగానే వైఫై ఎందుకు చచ్చిపోతుందో అక్కడ పనిచేసేవాడికి ఎవరూ పుస్తకం తెరిచి చెప్పక్కర్లేదు.

సర్టిఫికెట్ అక్కర్లేదనడం లేదు. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏకు 2 గంటల పరీక్ష, ఫీజు 300 డాలర్లు. మన లెక్కలో పాతిక వేలు దాటుతుంది. పాసైతే చెల్లేది 3 ఏళ్లే. ఇంత పోసి డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టి పాసయ్యేవాళ్లను చూస్తే జాలేస్తుంది. స్లాష్ 26 సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒక ముక్కలో) ఎన్ని మెషిన్లు పెట్టొచ్చని ఇంటర్వ్యూలో అడిగితే, 62 అని చెప్పలేక నీళ్లు నములుతారు. నెట్‌వర్క్‌ను తెర మీదే కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఫీజు కట్టే ముందు కొన్ని నెలలు దానిలో వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) కట్టి, చెడగొట్టి, మళ్లీ కట్టాలి. మొదటి ఉద్యోగం చెన్నైలోనో హైదరాబాద్‌లోనో నైట్ షిఫ్టులో దొరకొచ్చు, జీతం వెంటనే పెరగకపోవచ్చు. అది తెలిసే రైలెక్కాలి.

మా అసలు ఫిర్యాదు కుర్రాళ్ల మీద కాదు, యాజమాన్యాల మీద. నెట్‌వర్క్ పడిపోతే చెన్నై నుంచి కాంట్రాక్టర్ వచ్చేదాకా కూర్చుంటారు గానీ, పక్కనే ఉన్న మనిషికి స్విచ్ పాస్‌వర్డ్ ఇవ్వరు. భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ ఇవ్వొచ్చు కదా? కాంట్రాక్టర్ వచ్చినప్పుడు పక్కన నిలబెట్టొచ్చు కదా? ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబ్‌లు సాయంత్రం తాళాలు పడి ఉండే బదులు, ఉద్యోగాలు చేసుకునే వీళ్లకు వారానికి రెండు రోజులైనా తెరవొచ్చు.

ఈసారి పాత సామాను తూకానికి అమ్మే ముందు, అందులోంచి రెండు స్విచ్‌లు తీసి అతని బల్ల మీద పెట్టండి. స్విచ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి సెట్ చేసుకునే కన్సోల్ కేబుల్ అతనే కొనుక్కుంటాడు.