గొలుసుతో కట్టేసిన చక్రాల కుర్చీ గారికి

మహారాజశ్రీ చక్రాల కుర్చీ గారికి,

తిరుపతి నుంచి ఒక రిటైర్డు టీచరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అటెండరు జేబులో ఉందని తెలిసి సంతోషించాను.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. ఇవాళ పొద్దున పది నలభై నుంచి మధ్యాహ్నం మూడూ ఇరవై దాకా తమరికి ఎదురుగా ఆధార్ తీసే ఆఫీసు వరండా అరుగు మీద కూర్చున్న బట్టతల మనిషిని నేనే. పక్కన చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మా అమ్మ. ఆమెకు 86, నాకు 63. ప్రభుత్వం లెక్కలో 60 దాటితే వయోవృద్ధులే కాబట్టి ఇద్దరం ఒకే బ్యాచ్. ఎవరు ఎవరిని ఎత్తుకుని పోవాలో తేలక తమరి దగ్గరికి వచ్చాం.

తమరు మా వైపు తిరగలేదు. ఎట్లా తిరుగుతారు? కిటికీ ఊచకు సైకిలు గొలుసుతో కట్టేసి, ఇంత లావు ఇత్తడి తాళం బిగించి ఉన్నారు. ఎర్రచందనం కేసులో పట్టుకొచ్చిన బండ్లను కూడా స్టేషన్ ముందర ఇంత జాగ్రత్తగా పెట్టరు. సీటు మీద షాపు వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. అంటే తమరి మీద ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదనుకున్నా. దగ్గరికి పోయి చూస్తే అది అబద్ధం. ఒక హెల్మెట్టు కూర్చుని ఉంది, దాని పక్కన మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు. ఎడమ టైరులో గాలి లేదు. కుడికాలు పెట్టుకునే రేకు లేదు. వీపు మీద మాత్రం ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు: ఎవరో పుణ్యాత్ములు తమ అమ్మానాన్నల జ్ఞాపకార్థం ఇచ్చారట.

అంటే తమరిని కొన్నది కూడా ఊరు కాదు. తమరి మీద ఊరు పెట్టిన ఖర్చు ఏమైనా ఉందంటే ఆ గొలుసూ, ఆ తాళమూ.

"తాళంచెవి యాడుంటుంది బాబూ?" అని అడిగితే, జిరాక్స్ కాగితాలు సర్దుకుంటున్న అబ్బాయి తల ఎత్తకుండానే చెప్పాడు. "అటెండరన్న దగ్గర ఉండాది సార్."

"ఆయన యాడ?"

"క్యాంపు."

ఈ క్యాంపు అనే ఊరు ఎక్కడుందో నాకు ఇన్నేళ్లకూ తెలియలేదు. రేణిగుంట తెలుసు, చంద్రగిరి తెలుసు, పాకాల, పీలేరు అన్నీ తెలుసు. క్యాంపుకు మాత్రం బస్టాండులో ఏ బస్సూ ఉండదు. అయినా గవర్నమెంటు వాళ్లంతా అక్కడే ఉంటారు.

"దీనికి తాళం ఎందుకప్పా?"

"ఎత్తకపోతారు సార్."

నిజమే. చక్రాల కుర్చీ ఎత్తుకుపోయే దొంగ వస్తే, పట్టుకున్నాక వాణ్ని స్టేషనుకు అందులోనే కూర్చోబెట్టి తోసుకుపోవచ్చు. పోలీసులకు శ్రమ తగ్గుతుంది.

మేమొచ్చిన పని పెద్దదేం కాదు. నాన్న పోయాక అమ్మకు కుటుంబ పింఛను వస్తుంది. బతికే ఉన్నానని ఆమె ఏటా ఒకసారి రుజువు చూపించాలి. పోయినసారి మిషను మీద పది వేళ్లూ పెట్టింది, ఒక్కటీ పడలేదు. 60 ఏళ్లు రుబ్బురోలు తిప్పిన వేళ్లు, గీతలు ఎక్కడుంటాయి? ముఖం చూపించినా సరిపోతుందన్నారు. ఆధార్‌లో ఉన్న ముఖానికి పళ్లున్నాయి, ఇప్పుడు లేవు, ఫోను ఒప్పుకోలేదు. అందుకని ఆధార్‌లో వేలిముద్రలూ ఫొటో కొత్తగా తీయించుకుని రమ్మన్నారు. ఆ తీసే చోటు మేడ మీద. 22 మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు.

మెట్లంటే మా అమ్మకు భయమని తమరు అనుకోవద్దు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. యాభై దాటాక కూడా ఒక్కో మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కిన మనిషి ఆమె. మోకాళ్ల పర్వతం దగ్గర నేను కూలబడితే నా చేతిసంచీ కూడా ఆమే మోసింది. ఆ దారిలో నీడ ఉంటుంది, తాగడానికి నీళ్లుంటాయి, బాత్రూములుంటాయి. రోజుకు అరవై డెబ్భై వేల మందిని ఎక్కడా ఆగకుండా దర్శనానికి నడిపించడం తెలిసిన ఊరు మాది. కొండ మీద 65 దాటినవాళ్లకు వేరే వరస కూడా ఉంది. కొండ దిగి కిందికొస్తే మాత్రం, పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న ముసలామెను 22 మెట్లు ఎక్కించే దిక్కు లేదు. యాత్రికురాలుగా పుట్టి ఉంటే బాగుండేదేమో.

సుమారు ఒంటిగంటన్నరకు నాకు జ్ఞానోదయమైంది. తాళంచెవి దొరికితే మాత్రం ఏం చేస్తాం? తమరు మెట్లెక్కలేరు. లిఫ్టు లేదు. ర్యాంపు ఒకటి ఉంది, కాదనను. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలని నిబంధన. ఇది మూడడుగుల్లోనే వరండాను అందుకుంటుంది, ఎవరో బైకులు ఎక్కించుకోవడానికి కట్టించుకున్నట్టు. బైకులే ఎక్కి ఉన్నాయి కూడా, వరసగా నాలుగు. అంటే మూడు గంటల పాటు నేను తాళంచెవి కోసం ఎదురుచూసింది, అమ్మను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడానికన్నమాట! ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. సిగ్గేసింది.

పైకి పోయి ఆపరేటరును అడిగాను. చిన్న కుర్రాడు, పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగినట్టు లేడు. "అయ్యా, నీ సరంజామా అంతా ఒక పెట్టెలో పడుతుంది కదా. లాప్‌టాప్, వేళ్లు పెట్టే మిషను, కెమెరా. ఊళ్లలో క్యాంపులకు మోసుకుపోతారు కదా. పది నిమిషాలు కిందికి రాకూడదా?" అన్నాను. వాడు విసుక్కోలేదు. వరస చూపించాడు, మెట్ల దాకా ఉంది. "ఉండేది నేను ఒక్కణ్ని సార్. నేను కిందికొస్తే వీళ్లందరూ నన్ను కొడతారు. ఇంకో మనిషిని ఇయ్యమని అడగతానే ఉండాం."

వాడి మీద కోపం రాలేదు. ఆ తర్వాత నుంచి నా కోపమంతా తమరి మీదే.

ఎందుకంటారా? తమరు ఫొటోలో బాగుంటారు. అదే తమరి దోషం. తమరిని ఒకసారి ఇస్తే రిబ్బను కత్తిరించొచ్చు, శాలువా కప్పొచ్చు, మర్నాడు పేపరు జిల్లా పేజీలో వేయించుకోవచ్చు. తమరిని తోసే మనిషికి నెల నెలా జీతమిస్తే ఏం వస్తుంది? ఒకటో తారీఖున జీతం పడిందని ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. 2017 ఏప్రిల్‌లో మన పక్క నెల్లూరులోనే కేంద్రం వాళ్లు వయోశ్రీ పథకం మొదలుపెట్టారు. బీదరికంలో ఉన్న ముసలివాళ్లకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి మిషన్లు, కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు, చక్రాల కుర్చీలు. మంచి పని, తీసుకున్నవాళ్లు దండం పెట్టుకున్నారు. కానీ ఆ పట్టికలో మనిషి లేడు. ఏ పట్టికలోనూ ఉండడు.

మా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికని కలుపుతారు. 1960 నాటి చట్టం. సంతోషంగా కడతాను, రిటైరయ్యాక పేపరు చదివేది అక్కడే. అట్లా ముసలివాళ్ల పేరున ఒక్క పైసా ఆ రసీదులో ఎంత వెతికినా కనబడలేదు. పోనీ 2007లో తెచ్చిన పెద్దల చట్టం ఉంది కదా అంటారేమో. అందులో జిల్లాకు ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి, రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చు అని రాశారు. చేయవచ్చు! వచ్చు అంటే రావచ్చు, రాకపోవచ్చు, క్యాంపులో ఉండవచ్చు.

డబ్బు పెడితే జరగదా అంటే, జరుగుతుంది. మా వీధిలోనే చూస్తున్నా. ఒకటో తారీఖు తెల్లవారేసరికి వార్డు సచివాలయం అమ్మాయి ఇంటింటికీ వచ్చి పింఛను చేతిలో పెట్టి పోతుంది. 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. (అందులో కేంద్రం వాటా 80 లోపు వాళ్లకు 200, దాటితే 500. ఆ 200తో ఇప్పుడు ఏమొస్తుందో తమరే చెప్పాలి, నాకు నోరు రావడం లేదు.) ఎదురింటి అవ్వకు మంచం దిగకుండానే వేలిముద్ర తీసుకుంటారు. ఆ మిషను మంచం దాకా రాగలిగినప్పుడు, ఈ మిషను 22 మెట్లు దిగలేదా? దిగుతుంది. దించే మనిషికి జీతం ఇయ్యాలి, అంతే. వార్డుకు ఒక్కరిని పెట్టమనండి. నెలకు రెండు రోజులు బండి మీద పెట్టె పెట్టుకుని తిరగమనండి. మంచం మీదున్న ముసలివాళ్లు ఏ వీధిలో ఎవరింట్లో ఉన్నారో పింఛను పంచే పిల్లలకు నోటికి వచ్చు, కొత్తగా సర్వే కూడా అక్కర్లేదు.

రైలు టికెట్టు రాయితీ సంగతి తమరితో ఎత్తను. 2020 మార్చిలో కరోనా అని ఆపారు. కరోనా పోయింది, అది ఇంకా క్వారంటైన్‌లోనే ఉంది. సహాయానికి 14567 అని ఒక ఫోన్ నంబరు కూడా ఉంది. మతిమరుపు వయసుకు తగ్గట్టు వరస అంకెలు పెట్టినాయనకు దండం. కానీ ఫోను తాళం తీయదు కదా.

రెండు గంటలకు అమ్మను అడిగాను, "టీ తాగుతావా మ్మా?"

"వద్దులే నాయనా."

"మంచినీళ్లు?"

"వద్దన్నా గదా."

అప్పుడు తెలిసింది. పొద్దున కాఫీ తాగలేదు. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేసింది. "ఆడ బాత్రూము యాడుంటుందో ఏమో, మెట్ల కింద ఉంటుందో పైన ఉంటుందో. నీకెందుకు ఇబ్బంది" అంది, పెళ్లివారింటికి పోయినప్పుడు మొహమాటపడినట్టు.

ఒరే కుర్చీ. ఇంక తమరూ గిమరూ లేదు. 86 ఏళ్ల మనిషి ఒక ఆఫీసుకు రావాలంటే ముందురోజు నుంచి గొంతు ఎండగట్టుకోవాలిరా. ఇది ఊరా? రోడ్లకు రంగులేస్తారు, సర్కిల్ సర్కిల్‌కు లైట్లేస్తారు, గోడలకు బొమ్మలేస్తారు. నేల మీద, తలుపుకు గడియ ఉన్న బాత్రూము ఒకటి, పక్కన పట్టుకోవడానికి ఒక ఇనప కమ్మీ, దాన్ని పూటకొకసారి కడిగే మనిషి ఒకరు. అడిగింది ఇంతే. విమానం అడిగామా? అమ్మ ముందర నేను ఏడవలేదు. జిరాక్స్ షాపు వెనకకు పోయి వచ్చాను.

మూడూ ఇరవైకి ఆటో అబ్బాయి వచ్చి, "ఇంకా ఈడనే ఉండారా సార్?" అని నోరు తెరిచాడు. వాడే టీ కొట్టు నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. టీ కొట్టు కుర్రాడు, వరసలో ఉన్న ఇంకో ఇద్దరు తలా ఒక కాలు పట్టారు. "అవ్వా, గట్టిగా పట్టుకో" అని ఎత్తారు. నేను వెనక సంచీ, గొడుగు పట్టుకుని నడిచాను. దేవుణ్ణి మోసే తిరుచ్చి వాహనం మీద ఊరేగింపు లాగే ఉంది. మెట్ల మలుపులో అమ్మ కింద వరసను ఒకసారి చూసి, "బ్రహ్మోత్సవాలు ఇంగా రాలేదే నాయనా" అంది. అందరూ నవ్వారు. కుర్చీ అదిరింది.

పైన సర్వరు లేదు. మూడింటికి పోయిందట. రేపు పదింటికి రమ్మని, పాపం ఆ ఆపరేటరే మొదటి టోకెను ఇచ్చాడు.

మళ్లీ అదే ఊరేగింపులో కిందికి దిగేసరికి, నీకు గుర్తుందో లేదో, అటెండరు క్యాంపు నుంచి వచ్చేశాడు. చెడ్డవాడు కాదు. అమ్మను చూసి గబగబా హెల్మెట్టు తీశాడు, తాళం తీశాడు, ప్లాస్టిక్ కవరు కూడా చింపాడు. "రామ్మా, కూర్చో" అన్నాడు. బైకుల మధ్య సందు చేసుకుని, గేటు దాకా పదిహేను గజాలు తోశాడు. నువ్వు ఎడమకు గుంజుతున్నావు, కీచు కీచుమంటున్నావు, అయినా మోశావు. కూర్చున్నాక అమ్మ కాళ్లు చాపుకుంది. పొద్దున్నుంచి మొదటిసారి వీపు ఆనించింది. నీ చేతుల మీద అరచేతులు పెట్టి అటూ ఇటూ నిమిరి, "మెత్తగానే ఉండాదిరా అబ్బోడా. కొంచిం ఆముదం ఎయ్యాల" అంది.

ఆమె నిన్ను అంత మెచ్చుకున్నాక నేను తిట్టడం బాగుండదు. కాబట్టి మళ్లీ తమరు అంటున్నాను.

రేపు పదింటికి వస్తాం. ఆముదం సీసా, సైకిలు పంపు నేను తెస్తాను. రేకు కోసం పాత సామాన్ల కొట్లో అడిగాను, చూస్తానన్నాడు. ఇనుము కోసే రంపం బ్లేడు ఎంతుంటుందని అమ్మ అడిగింది, ఎందుకని నేను అడగలేదు. తమరు చేయవలసిందల్లా ఒక్కటే. ఆ మూడు గిన్నెల క్యారియరు ఎవరిదో కాస్త ముందుగా చెప్పి తీయించండి.

ఇట్లు,
తమరి ఎదురుగా అరుగు మీద, టోకెన్ నంబరు 1 తాలూకు కొడుకు