కార్గో బైకు శిక్షణ: అధికారులకు ముసాయిదా పాఠ్యప్రణాళిక

తిరుపతి వాహనాల ఊరు. శేషుడు, హంస, సింహం, గరుడుడు, గజం, అశ్వం... గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో ఇన్ని వాహనాలు తిరిగినా ఒక్కటీ పెట్రోలు తాగదు, పొగ వదలదు. అన్నీ మనుషుల భుజాల మీదే. అలాంటి ఊళ్లో సరుకు మోయడానికి రెండు కాళ్లు, మూడు చక్రాలు చాలునని అధికారులకు శిక్షణ ఇవ్వాలా అని కొందరు వెటకారం చేస్తారు. ఇవ్వాలి. భుజానికి జీవో అక్కర్లేదు, కార్గో బైకుకు కావాలి.

ముందుగా ఫైలులో రాసుకోవడానికి నిర్వచనం. కార్గో బైకు అంటే సరుకు కోసమే కట్టిన సైకిలు. గాంధీ రోడ్డులో బస్తాలు వేసుకుని పోయే తొక్కుడు బండి కూడా అదే కదా అని శిక్షణార్థులు అడగవచ్చు. కాదు. కార్గో బైకుకు రంగుల బ్రోచరు ఉంటుంది, తొక్కుడు బండికి చలానా ఉంటుంది. ఈ తేడా మొదటి గంటలోనే ఒంటబట్టాలి.

యూరప్‌లో ఇది పాత పాఠం. ముందువైపు సరుకు పెట్టుకునే పొడుగాటి సైకిలును డెన్మార్కువాళ్లు లాంగ్ జాన్ అంటారు. కోపెన్‌హాగెన్ క్రిస్టియానియా మూడు చక్రాల సైకిలు 1984 నాటిది. 2018లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో సిటీ ఛేంజర్ కార్గో బైక్ అనే ప్రాజెక్టు మొదలైంది. అంతకుముందు సైకిల్‌లాజిస్టిక్స్ అనే ప్రాజెక్టు, నగరాల్లో సరుకుతో చేసే మోటారు ప్రయాణాల్లో 51 శాతం సైకిళ్లకు మార్చవచ్చని లెక్క తేల్చింది. ఈ 51 మన సమావేశాల్లోకి ఎలాగూ వస్తుంది. అది వాళ్ల ఊళ్ల లెక్క, ఇంటికి తెచ్చుకునే సంచులు కూడా కలిపి వేసింది. మన లెక్క కావాలంటే తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయల మార్కెట్టు గేటు దగ్గర నిలబడి ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎంత దూరం, బండి ఎన్ని నిమిషాలు ఆగింది అని రాసుకోవాలి. 150 కిలోలకు కాస్త అటూఇటూ సరుకు, మూడు నాలుగు కిలోమీటర్ల లోపు దూరం ఉన్నవి సైకిలుకు. బియ్యం లోడు లారీకే. మొదటి రోజు పాఠం ఇంతే. ఏసీ లేదు కాబట్టి హాజరు పలచగా ఉంటుంది.

రెండో రోజు నీళ్ల క్యాన్లు. ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది ఎక్కించాలి. నీళ్లే 160 కిలోలు. బండి 50, తొక్కే అధికారి 60 అనుకుందాం (అనుకోవడమే, హోదాను బట్టి పెరుగుతుంది). మొత్తం 270 కిలోలు. చదును రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రాల రాపిడికి 75 వాట్ల దాకా కావాలి. మామూలు మనిషి గంటసేపు ఇవ్వగలిగేది కూడా ఇంచుమించు అంతే. అదే వేగంతో అలిపిరి వైపు మూడు శాతం ఎత్తు ఎక్కాలంటే 300 వాట్లు. అందుకే ఎత్తు రాగానే బండివాడు దిగి తోస్తాడు. వెనక కారులోంచి హారను కొట్టేవారికి ఇది బద్ధకంగా కనిపిస్తుంది, నిజానికి భౌతికశాస్త్రం. ఈ తేడా పూడ్చడానికే యూరప్‌లో 250 వాట్ల మోటారు పెట్టారు. గంటకు 25 కిలోమీటర్లు రాగానే దాని సాయం ఆగిపోతుంది. మన నిబంధనల్లోనూ 250 వాట్లలోపు, 25 కిలోమీటర్లలోపు ఉన్న రెండు చక్రాల బ్యాటరీ సైకిలు మిగతా షరతులకు లోబడితే మోటారు వాహనం కాదు. మూడో చక్రం చేర్చారా, ఈ-కార్టు (సరుకు మోసే మూడు చక్రాల బ్యాటరీ బండి) అనే వేరే ఖాతా తెరుచుకుంటుంది.

క్యాన్లు ఒకే పొరగా, వెనక ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువు పైకి పోతుంది. అప్పుడు సందు మలుపులో 12 కిలోమీటర్ల వేగానికే లోపలి చక్రం లేస్తుంది. రెండు చక్రాల సైకిలు మలుపులో ఒరుగుతుంది, మూడు చక్రాలది ఒరగలేదు. పక్కకు తోసే ఆ బలమంతా స్పోకుల మీద పడి ఒక్కొక్కటే తెగుతాయి. స్పోకు తెగాక చక్రం వంకర తిరిగి, బ్రేకు రబ్బరుకు తగిలి, బండి తనంతట తానే ఆగుతుంది. ఆగే విషయంలో ఇంత పట్టుదల అసలు బ్రేకుకు ఉండదు. మన బండ్లలో చాలావాటికి బ్రేకు ముందు చక్రానికే, బరువేమో వెనక. తడి రోడ్డు మీద ముందు చక్రం జారుతుంది, సరుకు ముందుకు పోతూనే ఉంటుంది. తొక్కుడు బండి మహా గొప్పదని పొగిడే మేధావులు కూడా ఈ పాఠానికి రావాలి. వెనక రెండు చక్రాలకూ బ్రేకులు, గేర్లు, లావు స్పోకులు కావాలని బండివాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. వాళ్ల మాటకు పవర్‌పాయింట్ లేదు, అంతే లోటు.

మూడో రోజు రోడ్డు. రెండు చక్రాలవాడు గుంటను తప్పిస్తాడు. మూడు చక్రాలవాడు గుంటకు ఏ చక్రం సమర్పించాలో నిర్ణయించుకుంటాడు. సైకిల్ ట్రాకు మొదట్లో మోటారు సైకిళ్లు దూరకుండా స్తంభాలు పాతుతారు కదా, ఆ సందు ఒక మీటరు ఉంటే 90 సెంటీమీటర్ల బండికి ఇటు అయిదు, అటు అయిదు మిగులుతుంది. బరువు బండితో అలా దూరగలిగినవాడు సర్కసులో ఉంటాడు. ఒకటిన్నర మీటరు వదలండి. మోటారు సైకిలు కూడా దూరుతుందంటారా? ఇప్పుడూ ఫుట్‌పాత్ మీదుగా దూరుతూనే ఉంది.

నాలుగో రోజు టెండరు. అందరూ నిద్ర లేచే పాఠం ఇదే. విదేశీ బ్రోచరు నుంచి కొలతలు ఎత్తి రాయకూడదు. ఆ టైరు ఊళ్లో ఏ సైకిల్ షాపులోనూ దొరకదు. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పట్టే) బ్రేకుల్లో ఒకదానికి మినరల్ ఆయిల్, ఇంకోదానికి డాట్ ద్రవం (కార్ల బ్రేకుల్లో పోసేది) పోస్తారు. తారుమారైతే లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగు పెట్టకూడదు. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో రేణిగుంట రోడ్డులో ఎవరినైనా అడగండి. కాబట్టి కొనేది ఇరవై బళ్లయితే నీడ, రాత్రి ఛార్జింగు, స్పేరు చక్రాలు, ఒక మెకానిక్కు జీతం కూడా ఆ టెండరులోనే రాయాలి. రాయకపోతే పచ్చజెండా ఊపిన ఆరు నెలలకు ఆ ఇరవై బళ్ల మీద తుమ్మ మొలుస్తుంది.

చివర్న పరీక్ష. ఎనిమిది క్యాన్లతో లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా. దారిలో ఒక ట్యూబు పంచరు సొంతంగా వేయాలి. తొట్టిలో నీళ్లు, గరుకు కాగితం, సొల్యూషను ఇస్తారు, అటెండరును మాత్రం ఇవ్వరు. ఫెయిలైనవారికి సప్లిమెంటరీ ఉంది. మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి.