టువాలుకి ఇంకో కన్సల్టెంట్ కావాలి

పసిఫిక్ మహాసముద్రంలో టువాలు అని ఒక దేశం ఉంది. తొమ్మిది దీవులు, అన్నీ కలిపినా 26 చదరపు కిలోమీటర్లే, జనం పదివేల పైచిలుకు, అంటే మన దగ్గరైతే ఒక మేజర్ పంచాయతీ. సముద్రమట్టం పెరిగి మునిగిపోతుందేమోనని లోకమంతా టెన్షన్ పడుతోంది, సాయానికి ముందుకొచ్చేవాళ్ళకీ కొదవలేదు. అయినా సాయం సరిగ్గా పనిచేయట్లేదంటారు. కారణం నేను చెప్తాను: రిపోర్టులు చాలట్లేదు.

2005లో దాతలంతా పారిస్‌లో కూర్చుని, పేద దేశాన్ని పదిమందీ పది రకాల ఫారాలతో సతాయించకూడదని ఒక డిక్లరేషన్ రాసుకున్నారు. అది చాల్లేదని 2008లో ఘనాలోని అక్రాలో, 2011లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో మళ్ళీ కలిశారు. ఒకే ఫారం వాడాలని అందరూ ఒప్పుకున్నారు, అది ఎవరి ఫారమన్నదే మిగిలింది.

రాజధాని ఫునాఫుటిలో ఒకే రన్‌వే, 1943లో యుద్ధం కోసం అమెరికా సైన్యం వేసింది. సాయంత్రమైతే ఊరి కుర్రాళ్ళు దాని మీదే వాలీబాల్ ఆడుకుంటారు. విమానం వస్తుందంటే సైరన్ మోగుతుంది, అందరూ పక్కకి తప్పుకుంటారు. విమానం దిగిన ప్రతి దాతల టీముకీ అక్కడి ప్రభుత్వోద్యోగులు ఎదురెళ్ళాలి, నిరుడు వచ్చినవాళ్ళకి చెప్పిందే మళ్ళీ చెప్పాలి, అదీ ఏ ఆఫీసులో చూసినా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది సిబ్బందితో. కాబట్టి దేశ జనాభా మొత్తాన్నీ మీటింగ్ కోఆర్డినేటర్లుగా నియమించాలని నా ప్రతిపాదన. మరి చేపలెవరు పడతారంటారా, దానికో ఫీజిబిలిటీ స్టడీ వేయిద్దాం.

అక్కడ నదుల్లేవు, వాన నీళ్ళు ట్యాంకుల్లో పట్టుకుని తాగుతారు, 2011లో వానలు మొహం చాటేస్తే ఎమర్జెన్సీ ప్రకటించారు. అయితే ట్యాంకులిచ్చి, పాడైతే బాగుచేయడానికి నాలుగు డబ్బులు కూడా ఇస్తే పోలా అంటారు కొందరు అమాయకులు. కొత్త ట్యాంకుకి రిబ్బన్ కట్టొచ్చు, మంత్రిగారితో ఫోటో దిగొచ్చు. పాత ట్యాంకు కుళాయి మార్చినందుకు ఎవరైనా ఫోటో దిగుతారా?

అసలు ప్రమాదం వేరే ఉంది. 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ ప్రధాన దాతలుగా, టువాలు కూడా తన వాటా వేసుకుని ఒక ట్రస్ట్ ఫండ్ పెట్టారు. మొదట్లో అది సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ డబ్బు బయట మార్కెట్లలో పెడతారు, ధరల పెరుగుదలకి తగ్గట్టు అసలుని కాపాడుకుని, పైన మిగిలింది ప్రభుత్వానికి ఇస్తారు. ఆ మిగులు బడ్జెట్‌లోకి పోతుంది, అంటే టీచర్ల జీతానికా ఆసుపత్రికా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు. ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది, పైగా మొదట వేసిన దానికి ఎన్నో రెట్లయింది. ఒక్క కుర్చీ మీద కూడా ‘ఫలానా దేశ ప్రజల కానుక’ అని స్టిక్కర్ లేదు! ఇలా వాళ్ళ డబ్బు వాళ్ళే ఖర్చుపెట్టుకోవడం మొదలుపెడితే రేపు మిగతా దీవులూ అడుగుతాయి, ఎల్లుండి మనలాంటి నిపుణుల గతేం కావాలి? వెంటనే దీని మీద ఒక సమీక్షా కమిటీ వేయాలి. ఛైర్మన్‌గా నేను సిద్ధం, వారం ముందు చెప్తే చాలు.