గుడ్డు పెంకు వేస్తే నత్త గుల్ల బాగవుతుందా?

అక్వేరియం పెట్టుకున్నవాళ్ల మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది: "చేపలతో పాటు నత్తలు పెంచుతున్నారా? ఓ కోడిగుడ్డు పెంకు తొట్టిలో పడేయండి. కాల్షియం నీళ్లలోకి దిగుతుంది, తెల్లబడి గుంటలు పడ్డ గుల్ల మళ్లీ పూడుతుంది, చేపలకు ఏమీ కాదు. పెంకు లేకపోతే చాక్‌పీసైనా చాలు."

పెంకులో కాల్షియం ఉందన్నది నిజం. అది దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, నత్త గుల్లలో ఉండేదీ ప్రధానంగా అదే. చిక్కంతా కరగడం దగ్గరే. పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి, కార్బొనేట్లు బాగా ఉన్న నీళ్లలో పెంకు వేస్తే ఎన్నాళ్లయినా అలాగే పడి ఉంటుంది. నత్త వచ్చి గీరుకుంటే కొంత దక్కుతుందేమో, నీళ్లలోకి మాత్రం పెద్దగా ఏమీ దిగదు. ఆమ్ల గుణమున్న నీళ్లలో కరుగుతుంది నిజమే, కానీ ఆ నీళ్లు నత్త గుల్లను కూడా అలాగే తినేస్తాయి. పెంకు చకచకా కరిగిపోతోందంటే సంతోషించాల్సిన పని లేదు, నీళ్లు బాగోలేవని అర్థం.

అందుకే ముందు పీహెచ్, కేహెచ్ (కార్బొనేట్ల కొలత), జీహెచ్ (నీళ్ల మొత్తం కాఠిన్యం) మూడూ చూసుకోవాలి. జీహెచ్ ఒక్కటే చూసి ఊరుకుంటే మోసపోతాం, అందులో మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే తొట్టిలోనూ, చాలాకాలంగా నీళ్లు సరిగా మార్చని తొట్టిలోనూ పీహెచ్ పడిపోతుంది. అక్కడ పెంకు వేయడం కంటే నీళ్లు మార్చడమే ఎక్కువ పని చేస్తుంది.

ఇక గుంటలు పూడడం. అది జరగదు. గుల్ల పెరిగేది దాని నోటి అంచు దగ్గర, అంటే నత్త బయటికి వచ్చే చోట మాత్రమే. నత్తను చేతిలోకి తీసుకుని చూడండి: పరిస్థితి మెరుగుపడిన దగ్గర్నుంచి అంచున ఒక గీత, ఆ గీత దాటాక కాస్త రంగు తేడాతో నున్నటి కొత్త పట్టీ కనిపిస్తాయి. కొన దగ్గర అరిగిన తెల్లటి భాగం ఎప్పటికీ అలాగే ఉంటుంది. కాబట్టి ఫలితం చూడాల్సింది కొత్త అంచులో. పాత మచ్చలు పోలేదని ఇంకా ఇంకా కాల్షియం గుమ్మరించకండి.

చేపలకు ఏమీ కాదనడం అన్నిటికన్నా తొందరపాటు మాట. గప్పీలు, మోలీలు గట్టి నీళ్లలో (కాఠిన్యం ఎక్కువున్న నీళ్లలో) హాయిగా ఉంటాయి. డిస్కస్, కార్డినల్ టెట్రా మెత్తటి నీళ్ల చేపలు. వాటి తొట్టిలో ఫిల్టర్‌లో పగడపు ముక్కలు పెట్టి కాఠిన్యం పెంచితే నత్త బాగుపడుతుంది, చేప ఇబ్బంది పడుతుంది. ఆ రెంటినీ ఒకచోట పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. పెంకు లోపలి పొర తీయకుండా వేస్తే అది కుళ్లి అమ్మోనియా పుట్టిస్తుంది, ఆ బాధ చేపలదే. వేయాలనుకుంటే ఉడికించి, పొర ఒలిచి వేయండి.

చాక్‌పీస్ జోలికి వెళ్లొద్దు. వాటిలో చాలావాటిని జిప్సంతో (అది కార్బొనేట్ కాదు, కాల్షియం సల్ఫేట్) చేస్తారు, పైగా జిగురు, రంగు ఏం కలిపారో తెలియదు. కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గుల్ల) నయం, కాకపోతే మొదట తేలుతుంది, బరువు కట్టాలి.

నిజానికి ఈ చిట్కాలో లేనిదే ముఖ్యం: నత్తకు తిండి నుంచి కూడా కాల్షియం అందుతుంది. కానీ చేపలున్న తొట్టిలో అడుగుకు దిగే గుళికలు నత్త కదిలేలోపే మాయమవుతాయి. లైట్ ఆర్పాక, చేపలు నెమ్మదించాక, కాల్షియం ఉన్న గుళిక ఒకటి నత్త పక్కనే వేయండి. పాలకూరను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి.