మార్కులు వేసే విద్య

ఏడాది పొడవునా ఉద్యోగి పనిని కంటితో చూసే తీరిక దొరకని సూపర్‌వైజర్లకు, ఆ పనిని ఎలా అంచనా కట్టాలో ఒక్క పూటలో నేర్పి పంపే శిక్షణ తరగతులను కొందరు చులకన చేస్తుంటారు. చూసినదానికి మార్కులు ఎవరైనా వేస్తారు. చూడనిదానికి దశాంశాలతో సహా వెయ్యాలంటే శిక్షణ ఉండితీరాలి.

ఈ విద్యకు పూర్వచరిత్ర ఘనమైనదే. సైన్యంలో పైఅధికారులు కిందివారికి ఇచ్చిన మార్కులను పరిశీలించిన థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం అనే నాలుగూ ఆ కాగితాల మీద అనుమానాస్పదమైన ఐకమత్యంతో కలిసి పెరిగి, కలిసి తరుగుతున్నాయని 1920లోనే రాశాడు. ఒక గుణం మీద ఏర్పడిన అభిప్రాయం మిగతా గుణాల మార్కులకూ పాకడం, అంటే హేలో ఎఫెక్ట్ అని మనం నేడు చెప్పుకునేది అదే. అందుచేత తరగతుల్లో సూపర్‌వైజర్లకు గట్టిగా బోధించారు: అందరికీ ఉదారంగా వెయ్యకండి, అందరినీ మధ్యలో కూర్చోబెట్టకండి, ఒకే మనిషికి గడి గడికీ ఒకే అంకె వెయ్యకండి. వారు బుద్ధిగా విని అంకెలను కంటికి ఇంపుగా వెదజల్లడం నేర్చుకున్నారు. 1980లో బెర్నార్డిన్, పెన్స్ అనే పరిశోధకులు పరీక్షించి చూడగా, ఇలాంటి శిక్షణ పొందినవారిలో ఆ దోషాలు తగ్గాయి, వాటితోపాటు అంచనాల కచ్చితత్వం కూడా తగ్గింది. (నేర్పినది నేర్పినట్లే వచ్చింది కనుక, శిక్షణను తప్పుపట్టడానికి వీల్లేదు.)

మరుసటి ఏడాది బెర్నార్డిన్, బక్లీ మరింత ఇబ్బందికరమైన సూచనలు చేశారు. ఏది మంచి పనో, ఏది నాసిరకమో నమూనాలు ముందు పెట్టుకుని సూపర్‌వైజర్లందరూ ఒకే కొలమానానికి రావాలట; ఉద్యోగి చేసినది చేసినప్పుడే డైరీలో రాసుకోవాలట. అంటే మార్చి నెలలో జరిగినది మార్చిలోనే గమనించాలన్నమాట! సమీక్షకు ముందు వారంలో ఎవరు చిరునవ్వుతో నమస్కరించారో గుర్తుంచుకుంటే సరిపోయే పనికి ఇంత ప్రయాస ఎందుకో అర్థం కాదు.

2000లో వెలువడిన ఒక అధ్యయనం ఇలాంటి మార్కుల్లోని తేడాలను రెండు సమాచార రాశుల్లో విడదీసి చూసి, వాటిలో వరుసగా 62 శాతం, 53 శాతం మార్కులు వేసేవారి సొంత ధోరణి వల్ల వచ్చినవేనని తేల్చింది. కనుక ఫారం పైన ఉద్యోగి పేరుండే గడిలో సూపర్‌వైజర్ పేరు రాయించడం శాస్త్రసమ్మతంగా ఉంటుందని నా వినమ్ర ప్రతిపాదన. జీతం పెంపు మాత్రం యథాప్రకారం ఉద్యోగికే ఆపవచ్చు.