పద్దు పుస్తకంలో చుట్టరికాలు

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 'హెరిటేజ్' అనే మాట మీద తగువు ఇంకా తెగలేదు. 2015లో చార్లెస్టన్ చర్చిలో ఒక శ్వేతజాతి యువకుడు తొమ్మిది మంది నల్లజాతీయులను కాల్చి చంపాక, సౌత్ కరోలినా శాసనసభ ఆవరణలోని కాన్ఫెడరేట్ జెండాను (బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా అది) దించేశారు. 2020లో మిసిసిపీ తన రాష్ట్ర జెండా నుంచి ఆ గుర్తును తొలగించింది. జెండాను వెనకేసుకొచ్చేవాళ్ళు ప్రతిసారీ చెప్పింది ఒక్కటే: ఇది మా వారసత్వం, ఇందులో ద్వేషం లేదు. ఈ విషయంలో తెలుగు కొంచెం నిజాయితీగల భాష అనిపిస్తుంది. సంస్కృతి గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడూ వారసత్వమే, పొలం కోసం కోర్టుకెక్కినప్పుడూ వారసత్వమే. పొలంతో పాటు పెద్దాయన చేసిన అప్పులు కూడా వస్తాయని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దక్షిణాది కుటుంబ నవలల్లో నాకు నచ్చినవన్నీ ఈ అప్పుల దగ్గరే మొదలవుతాయి.

విలియం ఫాక్నర్ 1942లో ప్రచురించిన 'గో డౌన్, మోజెస్'లో ఐజాక్ మెక్‌కాస్లిన్ అనే పదహారేళ్ళ కుర్రాడు ఒక చలికాలపు రాత్రి తమ ప్లాంటేషన్ కొట్టులో పాత పద్దు పుస్తకాలు తిరగేస్తాడు. బానిసల కొనుగోళ్ళు, చావులు, పుట్టుకలు అన్నీ అతని తండ్రీ, తండ్రి కవల సోదరుడూ అక్షరదోషాలతో రాసిపెట్టిన చిట్టా అది. యూనిస్ అనే బానిస స్త్రీ పేరు దగ్గర ఉన్నది ఇంతే: 1807లో న్యూ ఆర్లియన్స్‌లో 650 డాలర్లకు కొన్నారు, 1809లో పెళ్ళి, 1832 క్రిస్మస్ రోజున వాగులో మునిగి చనిపోయింది. దాని కింద అన్నదమ్ములిద్దరూ పద్దుల్లోనే వాదులాడుకుంటారు. తనంతట తానే మునిగిందని ఒకరు. నల్లవాళ్ళు ఆత్మహత్య చేసుకోవడం ఎక్కడైనా విన్నామా అని మరొకరు. దాదాపు రెండు నెలల తర్వాత మొదటివాడు మళ్ళీ అదే రాస్తాడు: తనే మునిగింది.

కుర్రాడు తేదీలు కలుపుకుంటాడు. యూనిస్ చనిపోయిన ఆరు నెలలకు ఆమె కూతురు టొమాసీనా ఒక కొడుకును కని పురుట్లోనే పోయింది. ఆ పిల్లవాడికి ఐజాక్ తాత వీలునామాలో వెయ్యి డాలర్లు రాశాడు. ఎందుకు రాసినట్టు? టొమాసీనా తాతకు పుట్టిన బిడ్డ. ఆమె కన్న కొడుకూ తాతకు పుట్టినవాడే. యూనిస్ వాగు దారి పట్టింది ఇందుకని ఐజాక్‌కు అర్థమవుతుంది. ఒక నల్లవాణ్ణి 'కొడుకా' అని పిలవడం కంటే ఆ వెయ్యి డాలర్లే చవక అనుకుని ఉంటాడు ముసలాయన అని కూడా తోస్తుంది. ఈ అధ్యాయం ఫాక్నర్ రాసిన వాటిలోకెల్లా కష్టమైన గద్యం. వాక్యం ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. ఆ పద్దుల ముక్కలు మాత్రం కత్తిపీట మీద పెట్టి కోసినట్టుంటాయి.

ముసలాయన దుర్మార్గాన్ని చట్టమే కాచింది. బిడ్డ స్వతంత్రమా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టే తేలుతుందని వర్జీనియా 1662లోనే శాసనం చేసింది. దాంతో యజమానికి బానిస స్త్రీ కన్న బిడ్డ వారసుడు కావడం మాట అటుంచి, ఆస్తి పట్టికలో ఇంకో పద్దు అయ్యాడు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలు యజమాని పేరు కిందే ఉంటాయి. వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు, పేర్లు దాదాపుగా రాయలేదు. అందుకే తమ పూర్వీకులను వెతుక్కునే నల్లజాతి కుటుంబాలలో చాలామందికి, బానిసత్వం పోయాక తొలిసారి అందరి పేర్లూ రాసిన 1870 లెక్కల దగ్గర దారి మూసుకుపోతుంది.

ఐజాక్ ఇరవై ఒకటో ఏట పొలం వద్దనుకుంటాడు. చాలామంది విమర్శకులు దీన్ని త్యాగంగా చూశారు. నాకంత నమ్మకం లేదు. అంతకు ముందే అతను తాత వదిలిన బాకీని తీర్చడానికి టొమాసీనా మనవరాలు ఫోన్సిబాను వెతుక్కుంటూ ఆర్కన్సా దాకా వెళ్తాడు. చలికి వణికే గుడిసెలో దొరికిన ఆమె 'నేను స్వతంత్రురాలిని' అంటుంది. అతను ఆమె వాటా డబ్బును బ్యాంకులో వేసి, నెలకు మూడు డాలర్ల చొప్పున ఇవ్వమని చెప్పి తిరిగొస్తాడు. తాత వెయ్యి డాలర్లతో చేసిన పనే మనవడు వాయిదాల్లో చేశాడు. అప్పు లెక్క సరిపోయింది. చుట్టరికం మాత్రం కొట్టులోని చిట్టాలోనే ఉండిపోయింది.

ఫాక్నర్ పద్దు పుస్తకం తెరిచాడు గానీ యూనిస్ గుడిసె గడప దాటలేదు. ఆ గడప లోపలి నుంచి కథ మొదలుపెట్టింది నల్లజాతి రచయిత్రి మార్గరెట్ వాకర్. 1966లో వచ్చిన 'జూబిలీ' మొదటి పేజీల్లోనే హెట్టా అనే బానిస స్త్రీ పదిహేను కాన్పుల తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళకు చనిపోతూ ఉంటుంది. ఆమెకూ యజమానికీ పుట్టిన వైరీ ఈ నవలకు నాయిక. యజమాని ఇంటి కూతురూ వైరీ కవలల్లా ఉంటారు, ఇంటి దొరసాని కసికి మూలం ఈ పోలికే. వాకర్ ఈ కథను తన అమ్మమ్మ నోటి వెంట వింది. వైరీ అసలు మూలం ఆ అమ్మమ్మ తల్లి. దొరల ఇంట చిట్టా ఉంటే, ఈ ఇంట అమ్మమ్మ ఉంది.

2021లో హొనొరే ఫనోన్ జెఫర్స్ రాసిన 'ద లవ్ సాంగ్స్ ఆఫ్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్' ఈ రెంటినీ ఒకచోటికి తెచ్చింది. దాదాపు ఎనిమిది వందల పేజీలు, అక్కడక్కడా సాగుతుంది, నిజమే. కానీ జార్జియాలో ప్లాంటేషన్ కంటే ముందున్న క్రీక్ అనే ఆదివాసీ తెగ నుంచి మొదలై, పూర్వీకులంతా 'మేము' అంటూ ఒకే గొంతుతో పలికే భాగాలు మళ్ళీ మళ్ళీ చదవదగ్గవి. చివరికి ఐలీ అనే నల్లజాతి యువతి చరిత్ర పరిశోధకురాలై, దొరల కాగితాలను తానే తెరుస్తుంది. ఐజాక్ కూర్చున్న చోట ఈసారి యూనిస్ మనవరాళ్ళ వంటిది కూర్చుంది.

ఈ రెండూ చదివాక ఫాక్నర్ పుస్తకంలోని 'డెల్టా ఆటమ్' అనే అధ్యాయానికి మళ్ళీ వెళ్ళాను. ఐజాక్‌కు ఎనభై దగ్గర పడ్డాయి. వేట శిబిరానికి ఒక యువతి పసిబిడ్డతో వస్తుంది. బిడ్డ తండ్రి ఐజాక్ వంశంలోని తెల్ల శాఖకు చెందిన వ్యక్తి. ఆమె కోసం ఒక కవరులో డబ్బు పెట్టి తప్పుకున్నాడు. మాటల్లో ఐజాక్‌కు తెలుస్తుంది, ఆమె ఫోన్సిబా అన్నగారి మనవరాలని. ఒక్క క్షణం ఆమె వేళ్ళను తాకుతాడు. తర్వాత ఉత్తరాదికి వెళ్ళి నీ జాతివాణ్ణి పెళ్ళి చేసుకోమంటాడు. ఇన్నేళ్ళు బతికి ప్రేమంటే ఏమిటో మర్చిపోయావా అని ఆమె అడుగుతుంది. ఆ అధ్యాయంలో అంత సూటిగా మాట్లాడినవాళ్ళు మరొకరు లేరు. ఎక్కడైనా ఆమె పేరు కనిపిస్తుందేమోనని మొదటి నుంచి చివరి దాకా వెతికాను. ఫాక్నర్ ఆమెకు పేరు పెట్టలేదు.