సయాం రైలు పనికి పోయినవాళ్ళు ఎవరి లెక్కలోకి వస్తారు?

ఇక్కడ ఆస్ట్రేలియాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పెద్దపిల్లల వక్తృత్వ పోటీకి ‘రెండో ప్రపంచ యుద్ధం - కీలక మలుపులు’ అని అంశం ప్రకటించగానే మన వాట్సాప్ గ్రూపులో చాలామంది పెదవి విరిచారు. పంచాంగ శ్రవణానికీ కవి సమ్మేళనానికీ మధ్య స్టాలిన్‌గ్రాడ్ ఏమిటండీ అని. యుద్ధాల్లో పోయినవాళ్ళని ఈ దేశం తలుచుకునే ఆన్‌జాక్ డే (ఏప్రిల్ 25) దగ్గర పడుతోంది, బళ్ళో చదువుకున్నదే పిల్లలు తెలుగులో చెప్తారు అని కార్యవర్గం సర్దిచెప్పింది. నాకు ఆ ఆలోచన నచ్చింది. నచ్చనిది ఆ పోటీలో జరిగింది.

మొదటి బహుమతి వచ్చిన అబ్బాయి బాగా మాట్లాడాడు, కాదనను. స్టాలిన్‌గ్రాడ్, ఎల్ అలమెయిన్, మిడ్‌వే, నార్మండీ అన్నీ తేదీలతో సహా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆ తర్వాత వచ్చిన అమ్మాయి మిడ్‌వేతో మొదలుపెట్టి, అక్కడి నుంచి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గానికి వచ్చి, మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోట నుంచి వాళ్ళ తాతమ్మ తండ్రిని ఆ పనికి పట్టుకుపోయారని చెబుతూ ఉండగా గంట కొట్టారు. న్యాయనిర్ణేత మైకు తీసుకుని, “బాగా మాట్లాడావు తల్లీ, కానీ అది మీ ఇంటి కథ. మేం అడిగింది చరిత్ర” అన్నారు. హాల్లో నవ్వులు. పిల్ల “సారీ అంకుల్” అని దిగిపోయింది.

ఆయన వైపు నుంచి కూడా చూద్దాం. ఇచ్చిన సమయం అయిదు నిమిషాలు. అంశం మలుపుల గురించి. ఒక కూలీ చావు వల్ల యుద్ధం దారి మారలేదు. మార్కుల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నేనూ బహుశా ఆ అబ్బాయికే బహుమతి ఇచ్చేవాణ్ణి. కానీ ఆ అమ్మాయి మిడ్‌వే నుంచి సయాంకి వచ్చింది దారి తప్పి కాదు. 1942 జూన్ మొదటి వారంలో పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి దగ్గర జపాను అకాగి, కాగా, సోర్యు, హిర్యు అనే నాలుగు విమానవాహక నౌకల్ని పోగొట్టుకుంది. అంతకుముందు ఫిబ్రవరి 19న మన డార్విన్ మీదికి విమానాల్ని పంపినవి సరిగ్గా ఆ నాలుగే. బర్మాలో ఉన్న జపాను సైన్యానికి సరుకులు సింగపూరు చుట్టూ తిరిగి మలక్కా జలసంధి మీదుగా రంగూన్ చేరాలి. ఆ దారిలో జలాంతర్గాముల భయం. సముద్రం మీద ధీమా సడలిన సైన్యానికి నేల మీద దారి కావాల్సి వచ్చింది. ఆ ఏడాదే థాయ్‌లాండ్‌లోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని థన్‌బ్యుజయాత్ దాకా 415 కిలోమీటర్ల రైలు మార్గం పని మొదలుపెట్టి 1943 అక్టోబరుకి పూర్తి చేశారు. కొండలు, అడవి, వానలు, కలరా. పేపర్లో ‘కీలక మలుపు’ అని ఒక లైనులో రాసేది అడవిలో ఇలా దిగింది.

భోజనాల దగ్గర ఆ తాతమ్మగారి పక్కన నాకు కుర్చీ దొరికింది. ఆవిడ వీల్‌చెయిర్‌ని పులిహోర క్యూకి అడ్డం రాకుండా గోడవారగా పెట్టారు. మలయాలోని పెరాక్ వైపు తోటలో పుట్టారట. మాట వింటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా శ్రీకాకుళం సంతలో వినపడే తెలుగు, మధ్యమధ్యలో మలాయ్ ముక్కలు. “మా అయ్యని మూణ్ణెల్ల పని అనీసి తీసుకుపోనారు బాబూ. రోజుకో డాలరన్నారు. సరుకులేసుకునే రైలు పెట్టిలో ఎక్కించినారట. మరి రానేదు.” ఇంతే చెప్పారు, తర్వాత అరిటాకు అంచు మడుస్తూ కూర్చున్నారు. ఎవరో పిల్లాడు స్టాల్ నుంచి కర్రపెండలం చిప్స్ పొట్లం తెచ్చి అందరికీ పంచుతూ ఆవిడ ముందూ చాచాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేశారు. జపాను వాళ్ళ కాలంలో బియ్యం దొరక్క తోటల్లో మూడు పూటలా ఆ దుంపే తిన్నారట. ఇప్పటికీ వాసన పడదట. “ఈ పిల్లోడికి తెలవదులే, నువ్వు తినయ్యా” అని పొట్లం నా వైపు తోశారు. ఆవిడతో అంతసేపు మాట్లాడింది మా బల్ల దగ్గర నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు మలేషియావాళ్ళ తెలుగు భలే ఉంటుందండీ అని ముచ్చటపడి లేచిపోయారు.

ఆ మార్గం మీద పనిచేసిన యుద్ధఖైదీలు 60 వేలకు పైగా. అందులో ఆస్ట్రేలియన్లు 13 వేల మంది, వాళ్ళలో 2,800 మంది దాకా అక్కడే పోయారు. వాళ్ళని ఈ దేశం మరిచిపోలేదు. మెల్‌బోర్న్ సెయింట్ కిల్డా రోడ్డు పక్కన, ఆ ఖైదీలకు వైద్యం చేసిన డాక్టర్ వీరీ డన్‌లప్ విగ్రహం మీరంతా చూసిందే. ఆ మార్గం కోసం కొండని తొలిచిన హెల్‌ఫైర్ పాస్ దగ్గర ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో మ్యూజియం కట్టింది, ఏటా ఏప్రిల్ 25న అక్కడా డాన్ సర్వీస్ (తెల్లవారుజాము స్మరణ సభ) జరుగుతుంది. ఆసియా కూలీల సంగతి వేరు. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయావాళ్ళు, అక్కడి తోటల నుంచి తమిళులు, తెలుగువాళ్ళు కలిపి రెండు లక్షల పైమాటే అంటారు. పోయినవాళ్ళు 90 వేల దాకా ఉంటారని అంచనా. అంచనా ఎందుకంటే ఎవరూ లెక్క రాసుకోలేదు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి శ్మశానంలో ఖైదీలకు పేరుపేరునా పలకలున్నాయి. కూలీలకు అలాంటివి లేవు.

పోనీ, మలయా దూరం అనుకుందాం. విశాఖ? 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ రేవుల మీద జపాను విమానాలు బాంబులేశాయి. జనం పిల్లాజెల్లాతో ఊళ్ళు వదిలి పల్లెలకు పోయారు. నేనూ విశాఖలోనే చదువుకున్నాను. బీచ్ రోడ్డు మ్యూజియంలో పేలని బాంబుని చూపించి మా మేష్టారు రెండు ముక్కలు చెప్పడమే తప్ప, దాన్ని వేసిన విమానం ఏ ఓడ నుంచి లేచిందో, ఆ ఓడ ఏమైందో మాకెవరూ చెప్పలేదు. ఆ ఓడ పేరు ర్యూజో. అదే ఏడాది ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. అంటే గ్వాడల్‌కెనాల్ దీవి కోసం, ఆస్ట్రేలియాకి సముద్రదారి మిగలడం కోసం జరిగిన పోరులో. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి అటు అమ్మమ్మగారి ఊరినీ ఇటు తమ ఊరినీ కలిపే కథ ఇంతకన్నా ఏం కావాలి?

నార్మండీలో మిత్రసేనలు దిగింది 1944 జూన్ 6న. అదే నెల 22న మన ఈశాన్యంలో జపాను సైన్యం మూసేసిన కోహిమా-ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది, బర్మాలో జపాను వెనకడుగు అక్కడ మొదలైంది. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం ఓటింగ్ పెడితే బ్రిటన్ గొప్ప యుద్ధాల్లో మొదటి స్థానం ఇంఫాల్-కోహిమాకే వచ్చింది. మన పిల్లాడి జాబితాలో అది లేదు. వాడిదా తప్పు?

అసలు సంగతి చెప్పుకుందాం. మనకి తాతలంటే కరణాలు, మునసబులు, మహా అయితే జైలుకెళ్ళిన కాంగ్రెస్‌వాళ్ళు. వంశవృక్షం స్లైడులో కూలీ తాత ఉండడు. రంగం (రంగూన్) పోయి రేవులో మూటలు మోసినవాడు, బియ్యం మిల్లులో పనిచేసినవాడు, 1942లో రంగం పడిపోయాక అరకాన్ కొండల మీదుగా నడిచి ఇల్లు చేరినవాడు, చేరనివాడు - వీళ్ళంతా మన ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఉన్నారు. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు వాళ్ళ ఊసు ఎత్తం. పెద్దవాళ్ళ కష్టం పిల్లల చెవిన పడకూడదనే ప్రేమ కూడా అందులో ఉందనుకోండి. మా ఇంట్లోనూ అంతే. కానీ ఆ ప్రేమ ముదిరి, చెప్పడానికి లేచిన పిల్లని కూర్చోబెట్టేదాకా వచ్చింది.

కార్యవర్గానికి నా మనవి చిన్నదే. ఏటా ఏప్రిల్ 25న ఆర్ఎస్ఎల్ (మాజీ సైనికుల సంఘం) దగ్గర మన సంఘం తరఫున పెట్టే పూలచక్రం మీద కార్డులో సంఘం పేరూ అధ్యక్షుల పేరూ ఉంటాయి. అధ్యక్షుల పేరు తీసేసి ఆ జాగాలో ‘సయాం రైలు మార్గంలో చనిపోయిన తెలుగు కూలీలకు’ అని వేయించండి. ఆ పూలచక్రం ఆ అమ్మాయి చేత పెట్టించండి, వాళ్ళ తాతమ్మగారికి ముందు వరసలో చోటు ఉంచండి. తెల్లవారుజామున ఆవిడని తీసుకురావడానికి కారు నేను పంపిస్తాను. ఇంకొకటి, తెలుగు బడి సెలవుల ప్రాజెక్టుగా మలేషియా, బర్మా నుంచి వచ్చిన కుటుంబాల పెద్దల మాటల్ని పిల్లల చేత ఫోన్లో రికార్డు చేయించండి. దీపావళి సంచిక దాకా ఆగొద్దు, ఈ సెలవుల్లోనే మొదలెట్టండి. ఆవిడకి తొంభై దగ్గర పడుతున్నాయి.